నోట్లో నాలుక లేని పిల్ల

ఆడపిల్ల గురించి పరాయివాళ్లు అడిగితే చెప్పవలసిన జవాబులు నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. మా అమ్మ చెప్పగా విన్నాను. నా గురించే చెప్పింది. తలుపు వెనక నిలబడి నేను విన్నాను. మా పిల్ల నెమ్మది, నోట్లో నాలుక లేదు, గడప దాటదు, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పదు. ఆ రోజు పొద్దున్నే జామకాయ కోసం మా అన్నయ్యతో పోట్లాడి వాడి చెయ్యి కొరికాను. పళ్ల గాట్లు పెళ్లివారికి కనిపించకుండా వాడికి పొడుగు చేతుల చొక్కా వేశారు.

ఆ మాటల మీదే పెళ్లయి శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరు బిలాస్‌పూర్ వచ్చాను. తరవాత మా ఆడపడుచు పెళ్లిచూపుల్లో అవే చెప్పాను, మా అమ్మాయి పెళ్లిచూపుల్లోనూ అవే చెప్పాను. వాటిని ఎవరూ నమ్మరు. అయినా చెప్పాలి. కూరలో ఉప్పులాంటివి, వేసినప్పుడు ఎవరూ పట్టించుకోరు, వేయకపోతేనే అడుగుతారు.

ఈ వేసవిలో ఆ మాటలే మా మనవరాలి చదువుకు అడ్డం పడ్డాయి. అడ్డం వేసింది నేనే.

మా ఆయన సంగతి ముందు చెప్పాలి. ఆయన గూడ్సు బండికి గార్డు. వట్టి కబుర్లపోగు. గోడ దొరికితే గోడతోనైనా మాట్లాడేవాడు. అలాంటివాణ్ణి ముప్పై ఏళ్లు బండి చివర పెట్టెలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ముందంతా బొగ్గు వ్యాగన్లు, వాటికి ఆ చివర ఎక్కడో డ్రైవరు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే మొదలుపెట్టేవాడు, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆపారు, ఏ ఊరి మేక పట్టాల మీదకు వచ్చింది అని. వడ్డించిన అన్నం చల్లారిపోయేది. నీ స్వభావం ఏమిటి నాయనా అని ఆయన్ని అడిగినవాళ్లు లేరు. మా మామగారు రైల్వే కాబట్టి ఆయనా రైల్వే. మా అబ్బాయేమో పుట్టుమౌని. వాడు పోయి రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో పడ్డాడు, సుత్తుల మోత మధ్య, వందమంది అరుపుల మధ్య. వాణ్ణీ ఎవరూ అడగలేదు.

అందుకని, ఈ కాలంలో పిల్లల స్వభావం కనుక్కుని దానికి తగిన చదువు చెబుతారని కోడలు చెప్పినప్పుడు నిజంగా సంతోషించాను. ఆయన ఉండి ఉంటే ఆ ముక్క క్వార్టర్ల వరుసంతా తిరిగి చెప్పి వచ్చేవాడు.

మనవరాలు పన్నెండు పాసయింది. దానికి అడవుల చదువు కావాలి. ఫారెస్ట్రీ అంటారు, మా ఊళ్లోనే ఉంది. ఇది నిన్నా మొన్నా పుట్టిన కోరిక కాదు. తొమ్మిదో తరగతిలో బడివాళ్లు అడవికి తీసుకెళితే జేబుల నిండా గింజలూ బెరడు ముక్కలూ నింపుకుని వచ్చింది. అప్పటి నుంచి స్నేహితురాలి స్కూటీ మీద తఖత్‌పూర్ సంతకు పోవడం, అక్కడ ఆకులూ గింజలూ అమ్ముకునే ఆడవాళ్ల పక్కన గోనెపట్టా మీద కూర్చుని పేర్లు అడగడం. ఇంటికొచ్చి నన్ను అడిగేది, మన భాషలో దీన్నేమంటారు మామ్మా అని. అది తునికి, ఇది ఇప్ప, ఇది సారపప్పు, ఇది కరక్కాయ అని నేను చెబుతుంటే హిందీ అక్షరాల్లో తెలుగు పేరు రాసి పొట్లానికి అంటించేది. తెలుగు చదవడం దానికి రాదు. నాకు వచ్చిన చదువు ఐదో తరగతి తెలుగొక్కటే. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు అయ్యేది.

ఇక దాని నోరు. ఆ స్వభావం పరీక్షకు వెళ్లిన వారంలోనే, లాల్‌ఖదాన్ నుంచి స్కూటీ మీద వస్తున్నాం, నేను వెనక కూర్చున్నాను. రైలు గేటు వేసి ఉంది. అలవాటు ప్రకారం జనం రోడ్డుకు రెండు పక్కలా నిండిపోయారు. గేటు ఎత్తారు, అటువాళ్లు కదలరు, ఇటువాళ్లు కదలరు. ఇది బండికి స్టాండు వేసి, హెల్మెట్ తియ్యకుండానే పోయి ఒక లారీ ముందు నిలబడింది. అడ్డం లే నోనీ అని లారీవాడు అరిచాడు, ఆడపిల్లను ఇక్కడ అలాగే పిలుస్తారు. నోనీ కదల్లేదు. ముందు నువ్వు వెనక్కి పో, తరవాత నేను కదులుతాను అంది. వాడు వెనక్కి పోయాడు. వాడి వెనక ఉన్నవాళ్లూ పోయారు. నేను కొంగు ముఖం మీదకు లాక్కుని, ఈ పిల్ల ఎవరో నాకు తెలియదన్నట్టు కూర్చున్నాను.

కోడలు చెప్పిన ఆ పరీక్ష చేసే చోటు తోర్వా బజారులో, జిరాక్సు దుకాణం పైన. పిల్ల అప్పటికే కంప్యూటర్ ముందు తన జవాబులు నొక్కేసింది. తరవాత ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రావాలన్నారు. అబ్బాయికి షెడ్‌లో డ్యూటీ, కోడలికి ఆస్పత్రిలో డ్యూటీ. నేను వెళ్లాను. పిల్లను బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచారు. లోపల చల్లటి గది. కుర్చీ అంచున కూర్చున్నాను. మేడమ్ మర్యాదగల మనిషి, మంచినీళ్లు ఇచ్చింది. ఇచ్చి హిందీలో అడగడం మొదలుపెట్టింది. మీ అమ్మాయి ఎలాంటిది. కొత్తవాళ్లతో కలుస్తుందా. కోపం వస్తే ఏం చేస్తుంది. సెలవు రోజున ఎక్కడ ఉంటుంది.

ఆ అడిగే తీరు, ఆ నవ్వు, ఆ నీళ్ల గ్లాసు. నా ఒళ్లు దానంతట అదే సర్దుకుంది. చాలా నెమ్మది అన్నాను. కొత్తవాళ్ల ముందు తలెత్తదు. కోపమంటే ఎరగదు. సెలవు రోజున ఇంటిపట్టునే ఉంటుంది, వంట నేర్చుకుంటుంది. తగువు జరిగే చోట నిలబడదు. ఈ ఆఖరి మాట అంటున్నప్పుడు కళ్లముందు ఆ లారీ కనిపించింది. అయినా మాట ఆగలేదు. గట్టు తెగిన నీరులా నలభై ప్రశ్నలకూ అలాగే చెప్పుకుంటూ పోయాను. ఇంటి పరువు నిలబెట్టానని మెట్లు దిగేటప్పుడు గర్వం కూడా.

వారానికి కాగితాలు వచ్చాయి, తొమ్మిది పేజీలు, రంగుల బొమ్మలతో. మా అబ్బాయి చదివి వినిపించాడు. శాంత స్వభావం. పది మందిలో ఇమడదు. ఒకచోట కూర్చుని క్రమం తప్పకుండా చేసే పని తగును. లెక్కలు, బ్యాంకు, లైబ్రరీ. తగని వాటికి పైన ఎర్ర గీత, దాని కింద బయట తిరిగే పనులన్నీ ఉన్నాయి, అడవి ముందు వరసలో. మరి పిల్ల తన గురించి తాను చెప్పినవి ఏమయ్యాయని కోడలు మేడమ్‌కు ఫోను చేసి అడిగింది. పిల్లలు తాము ఎలా ఉండాలనుకుంటారో అలా రాస్తారు, ఇంట్లోవాళ్లే ఉన్నది ఉన్నట్టు చెబుతారు, తేడా వస్తే మేము ఇంటివాళ్ల మాటే తీసుకుంటాం అందట.

మా అబ్బాయి ఆ కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, పట్టుచీరలుండే బీరువాలో దాచాడు. ఇక బీకామే అన్నాడు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు చెప్పాక మనం కాదంటామా అన్నాడు.

పిల్ల ఏడవలేదు, అరవలేదు. పెరట్లో గింజల పొట్లాలు ముందు వేసుకుని కూర్చుంది. నేను పక్కన చేరి, జరిగింది చెప్పాను. పెళ్లివారికి చెప్పినట్టు చెప్పానని చెప్పాను. చేతిలోని పొట్లం కింద పెట్టింది.

"మూడో క్లాస్‌లో నేను పోగొట్టుకున్న రిబ్బన్ రంగు కూడా నీకు యాద్ ఉంటాది మామ్మా. మరి అక్కడ ఎవరి పిల్ల గురించి సెప్పొచ్చావు? బతావో, సెప్పు."

నీలం రిబ్బన్ అది, అంచుకు తెల్ల గీత. పైకి అనలేదు.

అడవుల చదువు ఫారానికి గడువు ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడు ఒక్కదాన్నే ఆటో ఎక్కి తోర్వా వెళ్లాను. నేను చెప్పిందంతా అబద్ధం, మళ్లీ అడగండి అన్నాను. రెండోసారి అడగడం పద్ధతి కాదంది మేడమ్. పద్ధతి కాకపోతే ఇక్కడే కూర్చుంటానన్నాను. కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆవిడకే విసుగొచ్చి, బయట బల్ల దగ్గరే అడుగుతాను, లోపల వేరేవాళ్లున్నారు అంది.

బయట బల్లకు ఎదురుగా ఎవరున్నారనుకున్నారు? మా వెనక వరుస క్వార్టర్లలో ఉండే ఆవిడ. మన శ్రీకాకుళం వాళ్లే. కొడుకు ఫారంతో వచ్చింది. ఆవిడ చెవిలో పడింది సాయంత్రానికి ఏడు వరుసలూ దాటుతుంది. నన్ను చూసి నవ్వి, చీర సర్దుకుని, వినడానికి తీరుబడిగా కూర్చుంది. మేడమ్ మొదటి ప్రశ్న అడిగింది, కొత్తవాళ్లతో ఎలా ఉంటుందని.

నోరుంది అన్నాను. చాలా నోరుంది. ఒక్కసారి అనేశాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. లారీ సంగతి చెప్పాను. గోనెపట్టా మీద కూర్చోవడం చెప్పాను. ఆరో ఏట చీమలు ఎక్కడికి పోతున్నాయో చూస్తానని వాటి వెనకే మాలు గోదాము దాకా పోయిందని, ఊరంతా వెతికామని చెప్పాను. పప్పు మాడుస్తుందని చెప్పాను. తాతయ్యకు ఎదురు చెప్పేదని, ఆయన నవ్వేవాడని చెప్పాను. మేడమ్ రాసుకోలేక ఆపమంది. ఎదురుగా ఉన్నావిడ నవ్వడం ఎప్పుడు మానేసిందో నేను చూడలేదు.

రెండో కాగితం గడువుకు ముందురోజు వచ్చింది. ఈసారి అడవి పైన ఉంది, ఎర్ర గీత కింద బ్యాంకు ఉంది. ఫారం మీద తండ్రి సంతకం కావాలి. అబ్బాయి షెడ్ నుంచి రాగానే మంచినీళ్లతో పాటు కాగితమూ ఫారమూ రెండూ చేతికిచ్చాను.

"మొన్నొకటి, ఇయ్యాలొకటి. ఏది నిజమమ్మా?" అన్నాడు.

"ఇదే నిజం."

"మరి అదేటి?"

"అది పెళ్లోరి మాట."

వాడు నవ్వాడు. మా ఇంట్లో అరుదు. నవ్వి, రెండో కాగితాన్ని కిటికీ గట్టు మీద పడేశాడు. ఇవన్నీ దుకాణాలమ్మా, కాగితాలు చూసి పిల్ల బతుకు తేలుస్తామా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మొన్న మొన్ననే అదే దుకాణం కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేసి పట్టుచీరల్లో పెట్టినవాడు వీడే.

"అయితే ఆ మొదటిదాన్ని బీరువాలోంచి తీసి పొయ్యిలో పెట్టు," అన్నాను.

లేవలేదు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, తగ్గిన గొంతుతో అన్నాడు.

"ఒక్కతే అడవిలో తిరుగుతాదమ్మా. రేపు దానికేటైనా అయితే నానెక్కడని ఎతకను?"

అదీ అసలు మాట. నా కోపం అక్కడే. ఆ భయం మొదటి రోజే చెప్పి ఉంటే ఆ భయం గురించి మాట్లాడుకునేవాళ్లం. పిల్ల తన సమాధానం తాను చెప్పుకునేది, కోడలు ఒకటి అనేది, నేనొకటి అనేదాన్ని. వాడి భయాన్ని కాగితం వెనక దాచాడు, నేను పిల్లను నెమ్మది వెనక దాచాను. ఇద్దరి మధ్యా ఆ పిల్ల ఎక్కడా లేకుండా పోయింది. ఇదంతా నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు. అప్పుడు, నీకు మీ నాన్న నోట్లో సగమైనా ఉంటే బాగుండేది అని మాత్రం అనగలిగాను. వాడు స్నానానికి లేచాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికి గడువు దాటింది.

ఇప్పుడది బీకాం చదువుతోంది. పుస్తకం తెరిచి పెట్టి కిటికీలోంచి చూస్తుంటుంది. గింజల పొట్లాలు అటక మీద ఉన్నాయి.

మొన్న ఆదివారం వెనక వరుస ఆవిడ వచ్చింది. అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లి కావలసిన మేనల్లుడు ఆవిడకు ఒకడున్నాడు. ఆ సంబంధం కోసమే వచ్చిందనుకుని, కుర్చీ వేస్తూనే మావాడు, ఎన్నడూ నలుగురిలో నోరు విప్పనివాడు, అడక్కుండానే అందుకున్నాడు. మా పిల్ల చాలా నెమ్మదండి, నోట్లో నాలుక లేదు అన్నాడు. ఎవరు నేర్పారో. ఆవిడ నా కేసి చూసింది, నేను గోడ కేసి చూశాను.

"అలాగనకు బాబూ," అందావిడ. "మా లైన్లో కుళాయి దగ్గర రోజూ తన్నుకులాటే. లారీ ఎనక్కెళ్లగొట్టిన గుంటని ఓసారి పంపుతావేటి అని అడగడానికొచ్చాను."

పిల్ల అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. పుస్తకం తెరిచినది తెరిచినట్టే ఉంది. తండ్రి పంపుతాననీ అనలేదు, వద్దనీ అనలేదు. అది వెళ్లింది.

ఆ వేడి మీద ఉండగానే అడుగుదామని, వచ్చే ఏడు ఫారం వస్తుంది, ఈసారి ఏ కాగితమూ వద్దు, పిల్ల ఎలాంటిదో నన్నడుగు, పుట్టినప్పటి నుంచి చెబుతాను అన్నాను.

"నిన్నడిగితేనే కదమ్మా ఇదంతా అయింది," అన్నాడు.

కుర్చీ తీసి లోపల పెట్టాను. వెనక వరుస కుళాయి దగ్గర పిల్ల గొంతు వినిపిస్తుందేమోనని పెరటి తలుపు తీశాను.