ముందు ఆయన మాట, తర్వాతే నీ మాట

నిన్న పొద్దున, ఫోను నిండిపోయిందని పాతవన్నీ తీసేస్తుంటే వేలు తగిలి ఒక వాయిస్ మెసేజ్ మోగింది. ముందు రెండు దగ్గులు, ఆ వెనుక బొంగురు గొంతు: "ఏందిరా శంకరూ, మల్ల ఎవనితోనో పంచాది పెట్టుకున్నవా?" రాజమల్లు కాక పోయి రెండేళ్లయింది. అయినా ఎదురుగా నిలబడి అడిగినట్టే తల వంచుకున్నాను. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

కాక గోదావరిఖనిలో బొగ్గుబావి సర్దార్‌గా చేసి దిగిపోయిన మనిషి. భూమి లోపల ఒక జట్టు ప్రాణాలకు సర్దార్‌దే పూచీ. రిటైరయ్యాక మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ అయ్యాడు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపు అది. ఎన్నికలొచ్చాయంటే నీళ్ల ఊసు ఎవరికీ పట్టేది కాదు. రెండు యూనియన్ల వాళ్లం, మూడు పార్టీల వాళ్లం, పొద్దస్తమానం దుమ్మెత్తిపోసుకునేవాళ్లం. అందరిలోకీ నాదే పెద్ద నోరు, దాచుకునేదేముంది. చూసి చూసి కాక ఒకరోజు గ్రూపులో మాట పంపాడు: "బాయిల షిఫ్టు మారేటప్పుడు ఎట్ల చేస్తం? పైకి వచ్చేటోడు లోపల ఏడ ఎట్లున్నదో చెప్తడు. దిగేటోడు గదే ముచ్చట మల్ల తన నోటితోని చెప్పాలె. వచ్చేటోడు 'గంతే' అన్నంకనే బుక్కుల సంతకం. ఇగ ఈడ గూడ గట్లనే. ముందు ఎదుటోడు ఏమన్నడో చెప్పుండ్రి. ఆయన 'గంతే' అనాలె. అటెన్క మీ మాట."

అందరం నవ్వుకున్నాం. కాక మాత్రం మొండిఘటం. 'గంతే' పడకుండా ఎవరు జవాబు పెట్టినా వెంటనే తీసేసేవాడు. నెల తిరిగేసరికి సగం కొట్లాటలు మొదట్లోనే ఆగిపోయాయి. ఎదుటివాడి మాట తిరిగి చెప్పబోతే, అతను అసలు ఆ మాటే అనలేదని తేలేది.

ఓదేలు బావ నా భార్యకు అన్న. మా వరుసలోనే అతని క్వార్టర్, ఇద్దరిదీ ఒకే యూనియన్. అతని సొంతూరి భూముల్లో భూమిని పైనుంచే తవ్వే కొత్త ఓపెన్‌కాస్టు గని వస్తుందని తెలిసింది. పాతవి మూతపడుతున్నాయి, కొత్తది రాకపోతే పిల్లలకు పని ఎక్కడిదని మా యూనియన్ పట్టుబట్టింది. బావ యూనియన్ విడిచి ఊరివాళ్లతో కలిశాడు. ఊరి బయట చెట్ల కింద ధర్నాలో కూర్చున్న బావ ఫొటో గ్రూపులోకి వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా! "డ్యూటీ ఎగ్గొట్టి బావగారి పిక్నిక్" అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టాను. కాక ఆ రోజు దవాఖానలో ఉన్నాడు, తీసేసే దిక్కు లేదు. బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మా ఇంటి గడప తొక్కనన్నాడు. "మా అన్నను దూరం చేసినవ్. నీ కడుపు నిండిందా?" అని నా భార్య ఏడ్చింది. ఆ తర్వాత నాతో మాట్లాడటమే మానేసింది.

కాక దవాఖాన నుంచి రాగానే పిలిపించాడు. తిట్టలేదు. అందుకే నాకు మరింత భయం వేసింది. చాయ్ ఇచ్చి చెప్పాడు: "ఎన్కట నాకు డ్యూటీ అప్పజెప్పేటోడు అవతలి యూనియనోడు. వాని మొఖం చూడబుద్ధి గాక, ఇనకుంటనే సంతకం పెట్టిన. మూలకు పైకప్పు వదులైందని వాడు చెప్తనే ఉన్నడు. గంట గాకముందే కూలింది. నా జట్టోని కాలు పోయింది." దగ్గు ఆగాక మళ్లీ అన్నాడు: "వాడు చెప్పలేదని అందామంటే చెప్పిండు శంకరూ. నేనే ఇనలే."

బావను బతిమాలి మళ్లీ గ్రూపులోకి తెచ్చింది కాకే. ముందు బావ మాటేమిటో నన్ను రాయమన్నాడు. పరిహారం చాలదని బావ అంటున్నాడని రాశాను. "కాదు" అన్నాడు బావ. గనిలో పేల్చే బాంబులకు ఇళ్లు పగులుతాయని రాశాను. "కాదు." మా నాయకుల మీద కోపమని రాశాను. "కాదు." కాలనీ అంతా చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కాక నాకొక్కడికే మాట పంపాడు: "తెల్వకపోతే తెల్వదని రాయి. తెల్వని దానికి సంతకం పెట్టకు."

"బావా, నాకు తెల్వలే. తప్పైంది. నువ్వే చెప్పు" అని రాశాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "మేం కూసున్న జాగ ఏదో పోల్చినవా? అవ్వను పెట్టిన జాగ. రేపు దాని మీద మట్టికుప్ప పోస్తరు. మల్ల నేను ఏడికి పోయి మొక్కాలె?"

అవ్వంటే బావ తల్లి, మా అత్తమ్మ. ఆమె పాడె నేనూ మోశాను. ఆ చెట్ల కిందికే మోశాను. అక్కడ కూర్చున్న కొడుకు ఫొటో చూసి నవ్విన నా మొహం మీద నాకే అసహ్యం వేసింది. మళ్లీ రాశాను: "అత్తమ్మ ఉన్న జాగ పోతదని బావ గోస."

"గంతే బావా."

ఆ వెంటనే నా మాట బావ చెప్పాడు: "బాయి లేకుంటే పిల్లల బతుకు ఎట్లనని మా బావ ఫికర్." నేనూ గంతే అన్నాను. ఇద్దరిలో ఎవరమూ మారలేదు. కానీ ఆ ఆదివారం బావ మా ఇంట్లో అన్నం తిన్నాడు. వడ్డిస్తూ నా భార్య నన్ను చూసి, చాలా రోజుల తర్వాత, "నువ్వు గూడ కూసో" అంది.

ఊరి సంగతి ఇంకా తేలలేదు. గని కావాలనే నేను ఇప్పటికీ అంటాను. గ్రూపులో రాసినా, మీటింగులో మైకు పట్టుకున్నా అదే అంటాను. కానీ మా అత్తమ్మ పోశవ్వ ఆ మట్టిలోనే ఉందని ముందు చెప్పి, ఆ తర్వాతే అంటాను.