పాత ఫట్‌ఫటి, పసుపు పోగు

మొన్న ఒక పెళ్లికి మెట్‌పల్లి పోయినప్పుడు, ఫంక్షన్ హాలు ముందర ఇంచుమించు నా ఈడు మోటారు సైకిలు ఒకటి పెళ్లికొడుకు కంటే ఎక్కువ ముస్తాబై నిలబడి ఉంది. దాని యజమాని, పాతిక దాటని యువకుడు, దాని మీద ఎవరినీ చేయి వేయనివ్వడం లేదు. నేను చేతికర్ర మీద భారం వేసి మెల్లగా వంగి, దాని పొగగొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశాను. "ఏం చూస్తున్నవు తాతా, అండ్ల ఏమున్నది?" అని నవ్వాడతను. ఏమీ లేదని లేచాను గానీ, పాత బండి ఎక్కడ కనబడినా గొట్టంలోకి తొంగిచూసే ఈ అలవాటు నాకెలా అబ్బిందో చెప్పాలంటే అరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

మాది నేత ఇల్లు. బాపు మగ్గం గుంటలో కూర్చుంటే అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం మీద కండెలు చుట్టేది. కండె అంటే పేక నూలు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం. నేను ఉర్దూలో నాలుగో జమాత్ వరకే బడికి పోయాను, ఆ పైన నా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే జరిగింది. తెలుగు అక్కడే దిద్దుకున్నాను, అట్ట ఊడిన నిఘంటువును పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా అక్కడే కూడబలుక్కున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, నా తరం వాళ్లు తప్పు పట్టరని తెలుసు. ఆ గ్రంథాలయంలో మాకున్న లోటు ఒక్కటే, పేపరు. నిజామాబాద్ స్టేషన్‌లో పొద్దున దిగిన కట్ట బస్సులు మారి మారి మా ఊరు చేరేసరికి పొద్దు వాలేది, ఒక్కోసారి మర్నాటికి గానీ వచ్చేది కాదు.

సొంత మోటారు బండి ఉన్న మనిషి దొరికితే దీపావళి తెల్లారి నుంచి రోజూ కట్ట తెప్పిస్తానని, నెల జీతం ఇస్తానని మా ఊరి పేపరు ఏజెంటు అన్నప్పుడు, ఆ మాట నా కోసమే అన్నట్టు తోచింది. అదే వారం సోలాపూర్ మిల్లులో పనిచేసే అన్న నుంచి కార్డు వచ్చింది, మిల్లులో ఒక చోటు ఖాళీ ఉంది, దీపావళి దాటగానే బయలుదేరమని. మా వీధిలో ఇంటికొకరు అప్పటికే సోలాపూర్‌లోనో భివండీలోనో ఉన్నారు. మా ఇంట్లో కొడుకుల్లో మిగిలింది నేనొక్కణ్ణే. అందుకే బండి మాట ఎత్తగానే అవ్వ ఇంకేమీ అడగకుండా పాడి బర్రెను అమ్మి పైసలు నా చేతిలో పెట్టింది.

బండి నిర్మల్‌లో ఒక అడవి కాంట్రాక్టరు కలప డిపోలో దొరికింది. ఎప్పటిదో మిలిటరీ ఫట్‌ఫటి. సీటు తోలును ఎలుకలు కొరికేశాయి, పనిముట్ల పెట్టెలో ఒక కోడి పొదుగుతున్నది. "బండి నీది, కోడి నాది" అని ముందే తేల్చి చెప్పాడాయన. నిజామాబాద్ పోయే కలప లారీ వెనుక ఎక్కించి ఆర్మూరులో దింపి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఇల్లు చేర్చాను. మా అక్క మొగుడికి బస్టాండు దగ్గర సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. ఆ బావ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బర్రె పాలన్నా ఇచ్చేదని పెదవి విరిచాడు.

నా ధైర్యమంతా గ్రంథాలయంలో దొరికిన ఒక ఇంగ్లీషు ఇంజను పుస్తకం. అందులో చెప్పినట్టే ఒక్కొక్క భాగం ఊడదీసి, చాప మీద వరుసగా పేర్చి, కిరసనాయిలుతో కడిగాను. పెట్రోలు దారిలో చీమలు పెట్టిన పుట్ట తీశాను. నిప్పురవ్వ పుట్టే చోట ఉండవలసిన సన్నని సందు కొలవడానికి పనిముట్టు లేకపోతే, ఒక పోస్టుకార్డు మందం సరిపోతుందని బావ చెప్పాడు. చేతికి అందిన కార్డు అన్న రాసినదే. సోలాపూర్ రమ్మన్న కార్డుతోనే సోలాపూర్ పోకుండా ఉండే యంత్రాన్ని సరిచేశాను. దసరాకు రెండు రోజుల ముందు బండి రెండుసార్లు తుమ్మి, వాడకట్టు అదిరేలా మోగింది. అవ్వ రాట్నం ఆపి, చెవులు మూసుకుని, నవ్వింది.

దసరా నాడు మగ్గంతో పాటు బండికీ పూజ జరిగింది, పసుపు కుంకుమ బొట్లు పడ్డాయి. పండుగ తెల్లారి తన్నితే ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ తన్నాను, మళ్లీ అంతే. ఆ రోజు నుంచి దీపావళి దాకా నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. నిప్పురవ్వ బాగానే ఉంది, పెట్రోలు బాగానే వస్తున్నది. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను, విప్పినదే విప్పి బిగించినదే బిగించాను. బావ రోజూ దుకాణం కట్టేసి ఇటు వచ్చేవాడు. "ఏం బామ్మర్ది, పుస్తకంల మంచిగనే నడుస్తుంది గద ఫట్‌ఫటి, రోడ్డు మీదనే నడుస్తలేదా?" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

దీపావళి నాటికి నా ఆశ అడుగంటింది. బండిని పాత ఇనుము కింద అమ్మిపెట్టమని బావకు చెప్పి, అన్నకు వస్తున్నానని జాబు రాశాను. అది ఇంకా జేబులోనే ఉంది. అవ్వ దారికి సర్వపిండి కాల్చి మూట కట్టింది. బావ వచ్చి బండిని స్టాండు దింపి వాకిట్లోకి తోయబోతుంటే, అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

"జర ఆగు అల్లుడా. పండుగ పోగు తియ్యకుంట ఇల్లు దాటిస్తరా? ఇంట్ల లచ్చిమి గూడ దాని ఎంబడే పోతది."

మా ఇళ్లలో పండుగ నాడు పనిముట్టుకు పసుపు పోగు పెడతారు, దాన్ని ఇల్లు దాటించేటప్పుడు మాత్రం పోగు తీసి ఉంచుకుంటారు. అది నాకు తెలిసిందే, ఏ హ్యాండిలుకో చుట్టి ఉంటుందనుకున్నాను. అవ్వ మాత్రం బండి వెనక్కి పోయి, నేల మీద చతికిలబడి, పొగగొట్టంలోకి వేళ్లు దూర్చి ఒక కొస పట్టి లాగడం మొదలుపెట్టింది. పసుపు నూలు, గంజి పట్టించి ఎండిన నూలు, మూర తరువాత మూర, కట్టెలా బిగిసి, మసిబారి బయటికి వస్తున్నది. బావ చేతులు బండి మీద అట్లనే ఉండిపోయాయి.

"గిదేందే అవ్వా!" అన్నాను.

"ఏందంటవేంది బిడ్డా? గంత పెద్ద కండె ఖాళీగున్నది. పండుగ పూట కండె ఖాళీగుంచుతరా? నేనే నిండ గుక్కిన."

మగ్గం ఇంట్లో పండుగ నాడు ఖాళీ కండె ఉండరాదు. ఆమె కంటికి అది పెద్ద కండె, అంతే. నేను బండి ఎక్కి తన్నాను. రెండో తాపుకు అది మోగిన మోతకు గంజి పొట్టు, మసి కలిసి బావ తెల్లచొక్కా మీద పడ్డాయి, పక్కింటి కోళ్లు చూరెక్కాయి. బండి దిగి, మోగుతున్న దాని పక్కనే కూలబడి, జేబులోని జాబు తీసి చింపేశాను.

"పొగ గా గొట్టంలకెల్లే పోతదని నాకు ముందుగాల చెప్పొద్దా?" అన్నది అవ్వ. "దినాం గా పుస్తకంతోనే మాట్లాడుతివి గని, నాకొక్క మాటన్న చెప్పినవా?"

మర్నాడు పొద్దెక్కకముందే నిజామాబాద్ పోయి, పది కొట్టేలోపు కట్ట తెచ్చి గ్రంథాలయం బల్ల మీద వేసినప్పుడు, ఆనాటి పేపరు ఆనాడే చదవడానికి జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగారు. ఆ సాయంత్రం ఇల్లు చేరి, బండిలో ఏది ఎందుకుందో అవ్వకు మొదటిసారి విప్పి చెప్పాను. తరువాతి దసరాకు ఆమె పోగును హ్యాండిలుకే చుట్టింది. గొట్టం దగ్గరికి పోయి మాత్రం, పాపం, ఖాళీగా ఉందే అన్నట్టు ఒకసారి తడిమి వచ్చింది.

ఇప్పుడు వార్త మనిషి నిద్ర లేవకముందే దిండు కింద ఫోనులో వచ్చి కూర్చుంటున్నది, దానికి ఎదురుచూపూ లేదు, బండీ అక్కర్లేదు. మా వీధిలో మగ్గం చప్పుడూ లేదు. మొన్న పెళ్లి దగ్గర ఆ కుర్రవాడి బండి గొట్టం అద్దంలా మెరుస్తూ, లోపల శుభ్రంగా ఖాళీగా ఉంది. హమ్మయ్య అనుకోవలసినవాణ్ణి, శుభమా అని పెళ్లి పూట దీనికి ఎవరూ ఏమీ పెట్టలేదేమిటి అనుకున్నాను.