సినిమా మాస్టారు పూర్తి చేయని లెక్క

ముందే ఒప్పుకుంటున్నాను. మా వీధిలో రెండు చినుకులు పడితే, ఆ కబురు నేను బస్టాండుకు చేరవేసేసరికి చెరువు తెగి ఉంటుంది. కాబట్టి కింద ఏ అంకె కనిపించినా సగానికి కోసుకుని చదవండి. లెక్కల మాస్టారుగా పనిచేసినవాడు చెప్పాల్సిన మాట కాదు గానీ, చెప్పేశాను.

నేను పాఠం చెప్పడం మదనపల్లెలో బి.ఎడ్. చదివి నేర్చుకున్నానని నా సర్టిఫికెట్టు అంటుంది. అసలు నేర్చుకున్నది తొంభైలలో, కుప్పంలో, నేల టిక్కెట్టులో. మా ఊళ్ళో తెలుగు సినిమాకు తమిళంలో ఈలలు వేసి, కరెంటు పోతే కన్నడంలో తిట్టేవాళ్ళు. అంత గోలలోనూ కొత్త మాస్టారు కాలేజీలో అడుగుపెట్టే సీను వస్తే హాలంతా ఊపిరి బిగబట్టేది. ఆ సీను నేను తక్కువలో తక్కువ తొమ్మిది వందల సార్లు చూశాను. కిటికీలు మూసి ఉన్నా గాలి వీచేది. రౌడీ పిల్లలు కాగితం రాకెట్టు విసిరితే, ఆయన వెనక్కి తిరక్కుండానే పట్టుకునేవాడు. ఆ తరవాత మూడు నిమిషాల ఉపన్యాసం, ఒక పాట. పాట అయిపోయేసరికి ఆఖరి బెంచీవాడు జిల్లా ఫస్టు.

ఇన్ని సినిమాల్లో ఒక్క మాస్టారైనా ఒక్క లెక్కను చివరిదాకా చేయగా నేను చూడలేదు. బోర్డు మీద సగం సూత్రం ఉంటుంది. అంతలో గంట కొడతారు, లేదంటే విలన్ జీపు వస్తుంది. సినిమాకు చదువు కంటే చదువు తరవాతి చప్పట్ల మీదే మోజు. ఈ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. చప్పట్లే చదువు అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక పుంగనూరులో ఒక ట్యుటోరియల్‌లో చేరాను. పదో తరగతి తప్పినవాళ్ళ బ్యాచి నాకు అప్పగించారు. అందులో ఒకామె పుట్టిల్లు కురబలకోట, మెట్టినిల్లు పుంగనూరు పక్క పల్లె. లెక్కల్లో మూడుసార్లు తప్పింది. ఆ పల్లెలో అంగన్‌వాడీ ఉద్యోగం ఖాళీ అయింది. పది పాసైతేనే దరఖాస్తు తీసుకుంటారు. ఈ సప్లిమెంటరీ కూడా పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

మొదటిరోజు టేబుల్ ఫ్యాను గుమ్మం వైపు తిప్పించి, జుట్టు ఎగురుతుండగా లోపలికి నడిచాను. సుద్దముక్కను గాల్లోకి విసిరి చూడకుండా పట్టుకోబోతే, అది ట్యుటోరియల్ యజమాని టీ గ్లాసులో పడింది. అయినా తగ్గలేదు. "మీరు నిప్పురవ్వలు!" అన్నాను. చప్పట్లు మదనపల్లె దాకా వినిపించాయి. వారం రోజులు అదే వరస. వారం చివర స్లిప్ టెస్టు పెడితే, అందరి మార్కులూ కుప్పపోసినా ఒక్కరు పాసయ్యేలా లేరు.

ఆమె లేచి నిలబడింది. "సార్, మీరు బలే మాట్లాడతాండారు. రేపు మా ఆయన్ని గూడా పిల్సుకొస్తా, ఇంటాడు. గానీ ఈ వర్గ సమీకరణం యాడ మొదలుపెట్టల్లో అది సెప్పండి."

"ఆత్మవిశ్వాసం ఉంటే అదే వస్తుందమ్మా."

"అది నాకు శానా ఉండాది సార్. మూడుతూర్లూ దాన్నే ఎత్తుకోని పోయినా పరీక్షకి."

క్లాసు విరగబడి నవ్వింది. నా పౌరుషం మాత్రం ఆ రోజు అన్నం తినలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి మదనపల్లెలో నా పాత లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. తల ముగ్గుబుట్ట. నా గోడంతా విని, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు: "ముందర నిలబడి అరిసేదానికి నువ్వు యాలప్పా? మైకుసెట్టోడు సాలు. పోయి ఆయమ్మ సీట్లో కూసో. సుద్దముక్క ఆయమ్మకియ్యి. ఏమీ తెలీనోడి మాదిరి అడగతా ఉండు."

సోమవారం వెళ్ళి ఆఖరి బెంచీలో ఇరుక్కున్నాను. ఆమె బోర్డు దగ్గర నిలబడింది. రెండో మెట్టులో ఆగిపోయింది. "ఆ గుర్తు అట్లా ఎందుకు మారిందమ్మా? నాకు అర్థం కాలేదు," అన్నాను. బోర్డు వైపు చూసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. ఉన్నట్టుండి తిరిగి, "యాల సార్, ఈ మాత్రం తెలీదా మీకు?" అని మూడుసార్లు తప్పిన కసి నా మీద తీర్చుకుంది. లెక్క పూర్తయింది! సినిమాల్లో నేను ఏనాడూ చూడని దృశ్యం అది.

అప్పటినుంచి రోజుకొకరు బోర్డు దగ్గర, నేను వాళ్ళ సీట్లో. ఈ సీను తియ్యమంటే కెమెరా ఎక్కడ పెట్టాలో ఏ డైరెక్టరుకూ పాలుపోదు. హీరో గోడకానుకుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, తెలిసిన లెక్కనే తెలియదంటూ కూర్చుని ఉంటాడు. నాయకుడంటే ముందు నడిచేవాడని తెర మీద చూసి నమ్మాను గానీ, పరీక్షదాకా ఉన్న ఆ రెండు నెలలూ నేను వెనకుంటేనే క్లాసు ముందుకు కదిలింది.

ఫలితాలు పేపర్లో వచ్చిన పొద్దున, బస్టాండులో ఆమె పేపరు పరిచి నంబర్ల మీద వేలు పెట్టి వెతికింది. "ఉండాది సార్! నా నంబరు ఉండాది!" అన్న కేక కుప్పం దాకా వినిపించింది. బయలుదేరబోయిన బస్సు ఆగింది, డ్రైవరు హారను మోగించాడు, కండక్టరు విజిలు ఊదాడు. పుంగనూరు పొట్టి ఆవులు ఆ పూట గర్వంతో అడుగు ఎత్తు పెరిగాయి. ఆమె అటునుంచి అటే దరఖాస్తు ఇవ్వడానికి వెళ్ళింది. నెల తిరక్కుండా ఉద్యోగంలో చేరింది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. ఆవులు పెరగలేదని మీకు తెలుసు, అది లెక్కలోకి రాదు. పాసవడం నిజం, ఉద్యోగం నిజం. మదనపల్లెలో ముసలి మాస్టారు మాత్రం లేడు. హీరో దారి తప్పితే ఒక తెల్లజుట్టు గురువు వచ్చి దిద్దాలని సినిమా నాకు నేర్పింది కదా, అందుకని ఆయన్ను నేనే పుట్టించి కళ్ళజోడు కూడా పెట్టాను. నిజానికి ఆ ఆదివారం నేను ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. సోమవారం ఆత్మవిశ్వాసం రెండో భాగం మొదలుపెట్టగానే, ఆమె నేరుగా వచ్చి నా చేతిలో సుద్దముక్క లాక్కుంది.

"మీరు పోయి నా సీట్లో కూసోండి సార్. నాకు యాడ అర్థం కాలేదో ఆడనుంచి సూస్తే తెలుస్తాది."

వెళ్ళి కూర్చున్నాను.