పండిన కాయ చూడలేదు

మిగిలిపోయిన పూలని చాముండేశ్వరి చెత్తబుట్టలో వెయ్యలేకపోయింది. ఈ కథంతా అక్కణ్ణించే వచ్చింది కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను.

కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌కి నలభై నిమిషాల దూరంలో ఒక యూనివర్సిటీ హెర్బేరియం ఉంది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకి అంటించి, దొరికిన చోటూ తేదీ రాసి, ఇనుప బీరువాల్లో దాచే చోటు. శనివారాలు అక్కడ జీతం లేని పనివాళ్ళం కొందరం చేరతాం. నాది పాత చీటీల మీది చేతిరాతలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించే పని. రిటైరయ్యాక చదువుకోడానికి ఇంత మంచి సరుకు నాకు ఇంకెక్కడా దొరకలేదు. చాముండేశ్వరిది అంటించే పని. వారానికి అయిదు రోజులు ఆవిడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మనిషి. ఆరో రోజు ఈ జిగురూ బ్రష్షూ. నలభై ఆరేళ్ళుంటాయి. బాగానే మాట్లాడుతుంది గాని, మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగవు.

ఆ ఫిబ్రవరి శనివారం నమ్రత రెండు సంచుల పూలు తెచ్చింది. నమ్రత ఇక్కడే పుట్టిన పిల్ల, పీహెచ్‌డీ చేస్తోంది. సముద్రపు ఒడ్డున కొండల మీద మోకాలెత్తు పెరిగే ఒక నీలిపూల పొద మీద ఆమె పరిశోధన. తీరం పొడుగునా ఉన్నది ఒకటే రకమని అందరి నమ్మకం. ఒక సంచి దక్షిణం వైపుది. రెండోది ఉత్తరాన, గాలి విసురుగా కొట్టే ఒక కొండకొమ్ము మీదిది. కావలసిన రెమ్మలు తీసుకున్నాక మిగిలినవి పారెయ్యమంది.

"పూలు చెత్తలో వేస్తారుటమ్మా?" అంది చాముండేశ్వరి.

"ఇట్స్ ఓకే ఆంటీ, కంపోస్ట్ బిన్ ఉంది."

"ఏ బిన్నయినా బిన్నే."

ఆవిడ పుట్టింది కడియపులంకలో, పూలు కట్టి అమ్మే ఇంట్లో. అయిదో ఏటినుంచే వేళ్ళకి అరటినార అలవాటు. లంచ్ టైంలో టిఫిన్ డబ్బా పక్కకి జరిపి, అట్టలకి కొమ్మలు బిగించే దారం తీసుకుని పూలు కట్టడం మొదలుపెట్టింది. సూది అక్కర్లేదు. రెండు పూలు ఇటు, రెండు అటు, కాడల మీద ఒక చుట్టు, ఒక లాగు. దక్షిణపు సంచిలోవి చూస్తుండగానే మూరెడు మాలయ్యాయి. రెండో సంచిలోవి మాత్రం ముడి పడగానే తలలు తెగి బల్ల మీద రాలాయి.

"శేషగిరిగారూ, ఇటు చూడండి. ఇవి కట్టుకి నిలవట్లేదు."

"వాడిపోయాయేమోనమ్మా," అన్నాను.

"వాడితే కాడ మెత్తబడి వంగుతుందండీ, తెగదు. ఇవి తెగుతున్నాయి. అన్నీ ఒక్కచోటే తెగుతున్నాయి."

నమ్రత వచ్చి చూసి నవ్వింది. "నువ్వు గట్టిగా లాగావేమో ఆంటీ."

చాముండేశ్వరి మొహం చిన్నబుచ్చుకుంది. నమ్రత వెళ్ళాక నాతో అంది: "గట్టిగా లాగానుట! మా ఆఫీసులో డెవలపర్లు రోజూ అనేది ఇదే. ప్రోగ్రాంలో తప్పేం లేదు, నువ్వు నొక్కడమే తప్పు అంటారు."

కానీ వాదన పెట్టుకోలేదు. మరుసటి శనివారం ఒక డబ్బా పేపర్ క్లిప్పులు తెచ్చింది. పువ్వుని తలకిందులుగా పట్టుకుని కాడ తెగేదాకా ఒక్కొక్క క్లిప్పూ తగిలించడం, ఎన్నింటికి తెగిందో రాసుకోవడం. దక్షిణపు పువ్వు ఆరు క్లిప్పులు మోసింది. కొండకొమ్ము పువ్వు రెండింటికే తెగింది. అలా ఒక్కొక్క రకానికి, నమ్రత కొత్తగా కోసుకొచ్చినవి, వంద పూలు. పొద్దున పూసినవి వేరుగా, నిన్నటివి వేరుగా. నమ్రత చేత కూడా లాగించింది, తన వేళ్ళ మీద నేరం రాకుండా.

అప్పుడు నమ్రత ఒక కాడని మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తలెత్తలేదు. చివరికి "ఆంటీ..." అని మాత్రం అంది. నేనూ చూశాను. వెదురు కణుపులాంటి సన్నని గీత, కాడ చుట్టూ ఉంగరంలా ఉంది. దక్షిణపు కాడకి ఆ గీత లేదు.

ఆ రోజు నేను బీరువాలు వెతికాను. ఆ కొమ్ము మీద కోసిన మొక్కల పాత అట్టలు నాలుగు దొరికాయి. నాలుగింటా మోడు కొమ్మలే, పూలు చిన్న కాగితం పొట్లాల్లో ఉన్నాయి. ఒకదాని మీద పెన్సిల్‌తో "నాసిరకం నమూనా, పూలు రాలాయి" అని ఉంది. కోసినవాళ్ళ అజాగ్రత్త అనుకున్నారు ఇన్నేళ్ళూ. ఎంత చదువుకున్నవాళ్ళో వాళ్ళంతా! వాళ్ళలో ఎవరికీ పూలు కట్టడం రాదు, అంతే.

ప్రొఫెసర్ చూసి, ఇది కొత్త జాతే, వర్ణన రాయండి అన్నారు. ఆకు, పువ్వు, కాయ, అన్నీ రాయాలి. రచయితలుగా నమ్రత పేరు, పక్కనే చాముండేశ్వరి పేరు. మొక్కకి ఆవిడ పేరే పెడదామని నమ్రత సరదాపడింది. "వద్దు తల్లీ, పలకలేక మొక్కనే మర్చిపోతారు" అంది ఆవిడ. చివరికి 'కణుపు కాడది' అని అర్థం వచ్చే లాటిన్ మాట పెట్టి, వర్ణనని ఒక శాస్త్ర పత్రికకి పంపారు.

ఏప్రిల్ మధ్యలో ఆవిడ ఉద్యోగం పోయింది. టీం మొత్తాన్ని ఒకే కాల్‌లో తీసేశారట. ఆవిడ వీసాకి అరవై రోజుల గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ వీసా కాగితాలు పెట్టకపోతే దేశం విడిచి వెళ్ళాలి. భర్త దివాకర్ కూడా ఆవిడ వీసా మీదే ఉన్నాడు. వంటా, కారూ ఆయన శాఖలు. పొద ఏమో కాయ పట్టింది, పండేది జూన్ ఆఖరుకి. ఆవిడ గడువు జూన్ మధ్యకే సరి.

ఆవిడ శనివారాలు మానలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇప్పుడు కూడా ఎందుకమ్మా అని.

"పదహారేళ్ళుగా ఈ దేశంలో వేరేవాళ్ళ తప్పులు పడుతున్నానండీ. నాదంటూ ఒకటి కనిపెట్టింది ఇదొక్కటే. ఇది అచ్చులో చూసి వెళ్ళాలనుంది."

మే నెలలో పత్రిక వాళ్ళ జవాబొచ్చింది. అంతా బాగుంది, కాయ వర్ణన లేదేం, పది రోజుల్లో సరిచేసి పంపండి అని. ఆ అంగీకారం మీదే నమ్రత ఫెలోషిప్ కూడా ఆధారపడి ఉంది.

ఆ ఆదివారం నలుగురం కొండకొమ్ము మీదికి వెళ్ళాం. గాలికి నిలబడలేకపోయాం. పొదల నిండా పచ్చి కాయలు, మిరియాలంత. ఈ కాయ పండగానే చిట్లి గింజల్ని విసిరేస్తుంది, అందుకని చాముండేశ్వరి ఒక పాత వాయిల్ చీర చింపి చిన్న చిన్న సంచులు కుట్టి తెచ్చింది. కాయల గుత్తులకి అవి తొడిగి కడుతూ కూర్చుంది. నమ్రత పక్కన గొంతుక్కూర్చుంది.

"ఆంటీ, సౌత్ దాని కాయ మూడు గదులు, బ్రౌన్. ఇది కూడా అదే ఉంటుంది. అలా రాసేద్దాం. అందరూ అలానే చేస్తారు."

"నువ్వు చూశావా?"

"ఇదిగో, చూస్తున్నా కదా."

"పండింది చూశావా?"

నమ్రత ఒక పచ్చి కాయని గోటితో గిల్లింది.

"అయితే పండిన కాయ చూడలేదని రాయి."

"రిజెక్ట్ చేస్తే? నువ్వు వెళ్ళిపోతావ్ ఆంటీ. నీ పేరు కూడా ఉండదు. నా ఫెలోషిప్ పోతుంది."

"రన్ చెయ్యని టెస్టుకి పాస్ అని పెట్టమంటున్నావు. అది నా చేత కాదమ్మా. అలా రాయాలంటే నా పేరు తీసేసి రాసుకో. నాకేం కోపం రాదు."

దివాకర్ కారు తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు. "ఇంటర్వ్యూల్లో కూడా ఇదే వరస నమ్రతా. ఫలానా టూల్ వచ్చా అంటారు వాళ్ళు. కొంచెం వచ్చు అనవే బాబూ అని నేను పక్కనుంచి సైగ చేస్తాను. ఈవిడ రాదంటుంది! మొన్న కూడా అదే. ఆ పొద కన్నా ముందు మేమిద్దరం రాలిపోయేలా ఉన్నాం."

అందరం నవ్వాం. నవ్వుతూనే ఉన్నా చాముండేశ్వరి కళ్ళు తుడుచుకుంది. గాలికి కావచ్చు. మళ్ళీ సంచి కట్టడంలో పడింది. ఆ ముడులు నేను చూశాను, ఒక్కటీ వదులుగా లేదు. నేను ఎన్నో పుస్తకాల్లో నిజాయితీ గురించి చదివి పక్కన గీతలు గీసుకున్న మనిషిని. దాన్ని పాత చీర పీలికల మధ్య కూర్చుని చూడడం అదే మొదటిసారి.

నమ్రత రెండు రోజులు మథనపడింది. మూడో రోజు ఆ వాక్యం టైపు చేసి, ఇద్దరి పేర్లతో పంపింది.

ముందు ఉద్యోగం వచ్చింది. యాభై ఒకటో రోజున, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్లలోకి వెళ్ళే సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. రాదన్న టూల్ నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగారట. "నేర్చుకున్నాక చెప్తాను" అందట. వారంలో చేరాలి. దివాకర్ అట్టపెట్టెలు కట్టాడు, నేను టేపు కత్తిరించి ఇచ్చాను.

ఆవిడ మిషిగన్ చేరిన నాలుగో రోజున పత్రిక నుంచి ఉత్తరం. అంగీకరించారు. కాయ గురించిన మాట అలాగే ఉంచమన్నారు. ఇప్పుడు ఆ వర్ణన అచ్చులో ఉంది. రెండు పేజీలు. ఆకుల కొలతలు, కాడ మీది ఉంగరం, పూల రంగు, వీటన్నిటి కింద ఆ చిన్న వాక్యం, ఆవిడ చెప్పినట్టే.

జూన్ ఆఖర్న నమ్రతా నేనూ కొండకొమ్ము మీదికి వెళ్ళాం. నెమ్మదిగానే ఎక్కాను. నమ్రత వాయిల్ సంచులు మూడు విప్పి, అరచేతిలో కాయలు పోసుకుని, మిషిగన్‌కి వీడియో కాల్ చేసింది.

"చూడు ఆంటీ! మూడు గదులు, బ్రౌన్. సౌత్ దానిలాగే. నేను చెప్పిందే రైట్. అప్పుడే రాసేసి ఉండచ్చు."

చాముండేశ్వరి ఆఫీసు మెట్ల మీద ఉన్నట్టుంది, ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. ఎంత సంతోషపడిందో మొహంలో తెలిసింది.

"ఇప్పుడు రైటమ్మా. అప్పుడు మనకి తెలీదు," అంది. తర్వాత, "ఎన్ని పొదలవి చూశావు?"

"మూడు."

"అక్కడ ఎన్ని ఉన్నాయి?"

"నలభై ఒకటి."

నమ్రత నా వైపు చూసి నిట్టూర్చింది. ఫోన్ నా చేతికిచ్చి, నోట్‌బుక్ తీసుకుని నాలుగో పొద దగ్గరికి వెళ్ళింది.