రెండు చేతుల క్యాచ్

హర్లింగ్ అంటే ఐర్లండ్ వాళ్ళ ఆట అని చెబితే మావాళ్ళు "అంటే హాకీయేనా?" అంటారు. కాదు. హాకీలో కర్ర నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఇందులో తల పైదాకా లేస్తుంది. కర్ర చివర అట్లకాడలా వెడల్పుగా ఉంటుంది. తోలు బంతిని దాని మీద నిలబెట్టుకుని పరుగెత్తాలి, గాల్లో ఉండగానే కొట్టాలి. నేల మీది బంతిని చేత్తో తీయకూడదు, కర్రతో లేపి పట్టుకోవాలి. రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. తలకి హెల్మెట్ ఉంటుంది. చేతులకి మాత్రం చాలామంది ఏమీ తొడుక్కోరు. నేనూ తొడుక్కోలేదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఆఫీస్ కొలీగ్ ఒకామె, పుట్టి పెరిగింది ఐర్లండ్‌లోనే, నన్ను ఇందులోకి లాగింది. ఆడా మగా కలిసి ఆడే ఆదివారపు టీమ్. అమ్మకి మొదటినుంచీ గిట్టలేదు. "ఉన్న ఆటలు చాలవా తల్లీ? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అనేది. నాన్న మాత్రం మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు కారులో పడేసుకుని వచ్చేవాడు. రూల్స్ తెలియవు, అయినా ఆయన అరవని నిమిషం లేదు. చిన్నప్పుడు ఈ దేశం వచ్చాక, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టెన్నిస్ బంతితో నాకు క్రికెట్ నేర్పింది ఆయనే. ఒంటి చేత్తో క్యాచ్ పడితే మెచ్చుకునేవాడు కాదు, మళ్ళీ విసిరేవాడు. "షో చేయకు అమ్మలూ. రెండు చేతులు!" ఆ మాట నా ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే, వంటింట్లో గ్లాసు జారినా రెండు చేతులూ ముందుకెళ్తాయి.

హర్లింగ్‌లో పైనుంచి వచ్చే బంతిని ఒక చేత్తోనే పట్టాలి. రెండో చేతిలోని కర్రను, పట్టే చేతికి కాపలాగా అడ్డం ఎత్తాలి. ఎందుకంటే అదే బంతి కోసం పక్కవాడూ కర్ర ఊపుతాడు. మా కొలీగ్ ఈ సంగతి నాకు విసుగొచ్చేదాకా చెప్పింది.

ఆ ఆదివారం బంతి చాలా ఎత్తు లేచింది. ఎండ కళ్ళలో పడుతోంది. మైదానం గీత అవతలనుంచి నాన్న గొంతు వినిపించింది: "అమ్మలూ! రెండు చేతులు!"

నేను కర్ర వదిలేశాను. క్రికెట్ ఆడి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని. బంతి అందేలోగా అవతలి టీమ్‌లో ఒకతని కర్ర నా కుడిచేతి మీద పడింది. నాన్న లేచి పరుగెత్తుకొస్తూ కుర్చీ తట్టుకుని బోర్లాపడ్డాడు.

అర్జెంట్ కేర్ ఆస్పత్రికి వచ్చిన అమ్మ "ఎవరు కొట్టింది?" అని అడిగింది.

"నేనే" అన్నాడు నాన్న.

సర్జరీ అయింది, థెరపీ అయింది. నడిమి వేలూ ఉంగరపు వేలూ వంగడం మానేశాయి. అన్నం కలుపుకోలేను. నేను స్పూన్‌తో పప్పన్నం తింటుంటే నాన్న కంచం ముందునుంచి లేచిపోయేవాడు. తర్వాత అసలు నాకంటే ముందే తినేయడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా మాట్లాడే మనిషి, కూరలో ఉప్పు తక్కువైనా అనడం మానేశాడు. క్రికెట్ మ్యాచ్ సౌండ్ తీసేసి చూసేవాడు.

"తప్పు నాది నాన్నా. కర్ర వదిలింది నేను కదా?" అన్నాను.

"నువ్వు నా మాట విన్నావు. అంతే" అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

వేళ్ళు పోయినందుకు ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ నాన్న గొంతు పోయినందుకు భయపడ్డాను. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన్ని పోగొట్టుకుంటున్నానని భయం.

అందుకే మళ్ళీ ఆడతానన్నాను. ఆట మీద మోజుతో కాదు, ఆయన ఒక్కసారి అరిస్తే చాలని. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాన్న మడత కుర్చీ కారులో పెట్టాడు.

ఈసారి గ్లవ్స్ వేసుకున్నాను. వంగని వేళ్ళలో జారిపోకుండా కర్రకి టేపు దట్టంగా చుట్టాను. ఆట సగమయ్యాక బంతి లేచింది, సరిగ్గా నా మీదకే. కర్ర అడ్డం ఎత్తి, ఎడమ చెయ్యి చాచి, చెవులు రిక్కించాను. ఒక్క కేకెయ్యి నాన్నా. తప్పో ఒప్పో, ఏదో ఒకటి.

ఎవరూ అరవలేదు. బంతి నా ఒంటి చేతిలో పడి ఆగింది. మా టీమ్ గోల గోల చేసింది. నేను గీత వైపు తిరిగాను.

నాన్న కుర్చీలోనే ఉన్నాడు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు.