అక్క మందు డబ్బా

మొన్న హిందూపురంలో పంటి డాక్టరు ఒక చిన్న పెట్టె తెరిచి, అరిగిపోయిన నా దవడ పంటికి తొడుగు ఏ రకంది వేయమంటారు, లోహానిదా, పింగాణీదా, జిర్కోనియాదా అని అడిగాడు. వాటి మంచిచెడ్డలు ఆయన ఎంతో ఓపికగా వివరిస్తుంటే నాకేమీ చెవికెక్కలేదు. మా అక్క ఏది వేయించుకుందని మాత్రం అడిగాను. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నా తోడికోడలు, మా అత్తగారింటి పెద్దకోడలు. రెండేళ్ల కిందట పోయేదాకా ఆమె కూడా ఈ డాక్టరు దగ్గరికే వచ్చేది. జిర్కోనియా అన్నాడాయన. నవ్వినా ఎవరికీ కనబడని ఆ చివరి పంటికి నాకూ అదే కావాలన్నాను. మనిషి పోయినా నా కుళ్లు పోలేదే అని, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నంతసేపూ నాకే సిగ్గేసింది.

మీలో ఉమ్మడి ఇంట్లో చిన్నకోడలిగా బతికినవాళ్లకు నా బాధ వేరే చెప్పనక్కర్లేదు. నాది పెనుకొండ, పట్టు అంటే పెళ్లిళ్లలో చూడటమే. ఆమెది ధర్మవరం, మగ్గాల ఇల్లు, దారాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది దాని గుణం చెప్పేయగలదు. హిందూపురంలో మా అత్తగారింట్లో పట్టుగూళ్లు ఉడికించి దారం తీసే చరకాలు ఉండేవి. పొగలు కక్కే నీళ్లలో గూళ్ల కొసలు వెతికి వెతికి మా ఇద్దరి చేతులూ ఒరిసిపోయి, వేళ్ల సందులు పగిలి రసి కారేవి, అన్నంలో పులుసు కలుపుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. పగిలిన చెయ్యి తగిలితే దారం పోగు లేస్తుంది కాబట్టి, దారాన్ని కండెలకు చుట్టే పని, వారానికొకసారి దాన్ని ధర్మవరం తీసుకుపోయే పని, చేతులు ముందు మానినవాళ్లకే ఇస్తానని అత్త తేల్చి చెప్పింది. ఆ నీళ్ల తొట్టి దగ్గర నుంచి లేవాలని నాకు ఎంత ఉండేదో, నాకన్నా ముందు అక్క లేవకూడదని అంతకంటే ఎక్కువ ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద ఆసుపత్రి డాక్టరమ్మ, చర్మ రోగాల మీద పరిశోధన చేస్తూ మా వీధికి వచ్చి, చేతులు పాడైన ఆడవాళ్లందరికీ తలా ఒక డబ్బా ఇచ్చింది. కొన్నిటిలో కొత్త మందు, కొన్నిటిలో మందు లేని ఉత్త పూత; ఏది ఎవరికి వచ్చిందో తనకూ తెలియదని, చివర్లో నంబర్లను బట్టి తేలుతుందని, ఒకరిది ఒకరు పూసుకుంటే మొత్తం చెడిపోతుందని మరీ మరీ చెప్పింది. సబ్బు ఒకటే, దువ్వెన ఒకటే, తలనూనె సీసా ఒకటే అయిన ఇంట్లో ఆ మాట అందరికీ నవ్వులాటగా ఉండింది. మా డబ్బాలు రెండూ ఒకే తీరువి, నంబరు మూత మీద మాత్రమే ఉండేది, రెండూ వంటింటి గూట్లో పక్కపక్కనే పెట్టుకున్నాము.

రెండు వారాలు తిరిగేసరికి అక్క వేళ్ల సందులు ఎండి, మీద పలచగా కొత్త చర్మం రాసాగింది. నావి అట్లాగే ఉన్నాయి. పొద్దున లేస్తే ముందు ఆమె చేతుల వంక చూసేదాన్ని, చూసి ఆ రోజంతా మండిపడేదాన్ని. మంచి పుట్టిల్లు ఆమెకే, అత్త మెప్పు ఆమెకే, ఆఖరికి మంచి మందూ ఆమెకేనా అనిపించింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా గూటి దగ్గరకు పోయి మూతలు మార్చేశాను.

నెల తిరగకముందే నా చేతులు మానాయి, ఆమెవి మళ్లీ పగిలాయి. కండెల పని నాకొచ్చింది. దారం తీసుకుని ధర్మవరంలో సాక్షాత్తూ అక్క పుట్టింటికే పోయాను. వాళ్లమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి, మా పాపవి కూడా ఇట్లే మానినాయా అని అడిగితే, మానాయన్నట్టు తల ఊపాను. ఆమె పెట్టిన చక్కిలాలు తిని, అక్కకు కట్టిచ్చినవి తీసుకుని బస్సెక్కాను.

డాక్టరమ్మ మళ్లీ వచ్చినప్పుడు, రెండో వారంలో వచ్చి మా చేతుల తీరు రాసుకున్న పుస్తకం చూసి, మా నాలుగు చేతులు చూసి, ఎక్కడో ఏదో తారుమారైందని పట్టేసింది. మార్చింది ఎవరని వీధి ఆడవాళ్లందరి ముందూ అడిగితే నేను వాళ్ల వెనక్కి జరిగాను. అంతలో, నన్నెప్పుడూ పాపా అని పిలిచే అక్క ముందుకొచ్చి, “నేనే మేడమ్, సూసుకోకుండా మూత తప్పు పెట్టినా. పాపనేమీ అనద్దండి, దానికేం తెల్దు” అనింది. డాక్టరమ్మ మా ఇద్దరి నంబర్లూ కొట్టేసి, ఆమెను చెడామడా తిట్టి, పోతూ పోతూ మామూలు మందేదో రాసిచ్చింది. దానితో అక్క చేతులు మానడానికి చాలా రోజులు పట్టింది.

ఆ సాయంత్రం తొట్టి దగ్గర, నా వైపు చూడకుండానే అక్క చెప్పింది: “నా డబ్బా మొదటి రోజే కింద పడి అడుగున సొట్టపోయిండె. అది నీకాడికి పోయిందని ఆ పొద్దే తెలుసు నాకు. అడిగింటే ఇస్తా ఉంటినే.” ఇంకొకతె అయితే కాళ్ల మీద పడి ఏడ్చేది. నాకు మాత్రం ఒళ్లంతా మంట పుట్టింది. తప్పు ఒప్పుకున్న మనిషని వీధంతా ఆమెను మెచ్చుకుంది, అత్త అయితే వచ్చిన చుట్టానికల్లా చెప్పి మురిసిపోయింది.

ఇప్పుడు ఆ వీధిలో చరకాలు లేవు, దారం యంత్రాలు తీస్తున్నాయి. మందు పరీక్షలకు ముందే అన్నీ చదివి వినిపించి సంతకాలు తీసుకుంటారని, డబ్బాకూ మూతకూ నంబర్లు వేస్తారని ఆసుపత్రిలో పనిచేసే నా మనవరాలు చెబుతుంది. ఇద్దరు కోడళ్లు ఒకే గూట్లో డబ్బాలు పెట్టుకునే ఇళ్లూ లేవు, ఎవరి గది వాళ్లది, ఎవరి సబ్బు వాళ్లది. అదీ మంచిదేనేమో. ఆ తర్వాత అక్కా నేనూ ఏళ్ల తరబడి ఒకే పొయ్యి మీద వండుకున్నాము. అందరికీ నిజం చెప్పేస్తానని నేను ఎన్నిసార్లు నోరు తెరిచినా, ఇప్పుడెందుకులే పాపా అని ఆమే ఆపేది, ఆపితే నేనూ హాయిగా ఆగిపోయేదాన్ని. ఆమె పోయిన రోజు కూడా వచ్చినవాళ్లు ఆ మూతల సంగతే తలుచుకుని, ఎంత నిజాయితీ మనిషో అన్నారు. పక్కనే కూర్చుని విన్నాను. నేను నిజం చెప్పి ఉంటే ఆ మాట నా గురించి అనేవాళ్లు కదా అని, ఆ ఏడుపు మధ్యలో కూడా ఆమె మీద కుళ్లుకున్నాను.