బంగ్లా అత్తను బతికించిన ఎండాకాలం

ఆ రోజుల్లో చదవడమంటే నాకు కళ్లతో చేసే పని కాదు, నోటితో చేసే పని. మనుషులతో మాట్లాడమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఇంటికి చుట్టాలొస్తే వడ్ల గుమ్మి వెనక దూరేదాన్ని. "నీ పేరేందమ్మా?" అని అడిగితే అమ్మే చెప్పాల్సి వచ్చేది. కానీ చేతిలో అచ్చు కాగితం ఒకటి పెడితే చాలు, గొంతులో ఎవరో మైకు పెట్టినట్టయ్యేది. మాటలు నావి కావు కదా, తప్పయినా ఒప్పయినా రాసినవాళ్లదే అన్న ధైర్యం. (ఆ ధైర్యం మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో ఐదో తరగతి సెలవుల్లో తెలిసింది.)

మాది టేకులపల్లి దాటి లోపలికి, అడవి అంచున ఉన్న ఊరు. ఎండలు ముదిరితే ఊరంతటికీ బీడీలు చుట్టే తునికాకు పనే. తెల్లారకముందే ఆడవాళ్లు అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, పది గంటలకల్లా మా ఇంటి ముందు పందిట్లో కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టేవాళ్లు. సాయంత్రం ఆకు కొనే కల్లం దగ్గరికి కల్లేదారు వచ్చి కట్టలు చూసి తీసుకుంటాడు. ఆలోపు కట్టకపోతే ఆకు ఎండి ముడుచుకుపోతుంది, ఆయన ముట్టడు. నన్ను మాత్రం అడవికి రమ్మనేవాళ్లు కాదు. నాన్న ప్రతి శనివారం కొత్తగూడెం నుంచి తెచ్చే వారపత్రికను పందిట్లో బిగ్గరగా చదవడమే నా పని. సీరియల్ ఒక్కసారి చదివితే ఊరుకునేవాళ్లు కాదు, సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి మళ్లీ చదివించుకునేవాళ్లు. వంటలు, రాశిఫలాలు, చివరికి సబ్బు ప్రకటనలు కూడా వదలకుండా వినేవాళ్లు.

మొదటి వారమే ఆపద వచ్చింది. సీరియల్లో ఎవరో ప్లీడరుగారు చనిపోయాడు. పెద్ద పాత్రేం కాదు, అంతకు ముందు రెండుసార్లు దగ్గాడు, అంతే. మా నాయనమ్మ చేతిలో ఆకు కింద పెట్టేసింది. "సావు కబురు ఇన్నం. తలకు పోసుకోకుంట పని ముట్టొద్దు."

"కతల సచ్చినోనికి గూడనా అత్తా?" అంది అమ్మ.

"కతలనో, కల్లనో. చెవుల పడ్డదా లేదా?"

ఊరికి ఒక్కటే బోరింగు. ఏడుగురు ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు తలస్నానాలు చేసి జుట్లు ముడేసుకుని వచ్చేసరికి పొద్దు వాలింది. కల్లేదారు మా ఆకులు వేళ్లతో నలిపి, "ఇవి ఆకులా, అప్పడాలా?" అన్నాడు. ఆ రోజు కష్టమంతా మళ్లీ తలమీదే ఇంటికొచ్చింది. అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇగో, ఇంకోపాలి నీ పుస్తకంల ఎవలన్న సచ్చిన్రో, తెల్లారి సంది నువ్వు గూడ అడివికే. పుస్తకం లేదు, ఏం లేదు."

తరువాతి శనివారం పత్రిక రాగానే ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఆ సీరియల్లో కోడలిని రాచిరంపాన పెట్టే అత్తగారొకామె ఉంది. పెద్ద బంగ్లాలో ఉంటుంది కాబట్టి అందరం బంగ్లా అత్త అనేవాళ్లం. ఆమె తిట్లంటే నాయనమ్మకు చాలా ఇష్టం. మూడో పేరాలో "అత్తగారి గుండె ఒక్కసారిగా" అని చదివాను. పందిట్లో చేతులన్నీ ఆగాయి. కాగితం మీద తరువాతి మాట "ఆగిపోయింది" అని ఉంది. అమ్మ నావైపే చూస్తోంది. "...కుదుటపడింది" అన్నాను. చేతులు మళ్లీ కదిలాయి.

కానీ ఆ వారం భాగమంతా ఆమె అంత్యక్రియలే! ఏడుస్తూ వచ్చిన బంధువులను పరామర్శకు వచ్చినవాళ్లను చేశాను. పూలదండలు షష్టిపూర్తివి అన్నాను. దినాల భోజనాలను, ఆరోగ్యం బాగైనందుకు పెట్టిన విందుగా మార్చి, పక్క పేజీ వంటల్లోంచి గుత్తివంకాయ తెచ్చి వడ్డించాను. బుధవారం మళ్లీ చదవమంటారు కదా, అప్పుడు ఇవే అబద్ధాలు ఇదే వరుసలో రావాలి. అందుకని పాత లెక్కల నోటుబుక్కు వెనక రాసుకోవడం మొదలుపెట్టాను. "బంగ్లా అత్త: వంకాయ రెండుసార్లు వడ్డించుకున్నది." (నేను డైరీ రాసే మనిషిని ఎలా అయ్యానని స్నేహితురాళ్లు అడుగుతుంటారు. ఇలాగే.)

మూడో వారం కోడలు తాళాలు బొడ్లో దోపుకుని బంగ్లాలో ఇష్టారాజ్యంగా తిరుగుతోంది. అత్త బతికుండి ఊరుకుందంటే నమ్మరు. అందుకని ఆమెను భద్రాచలం యాత్రకు పంపేశాను. నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. "ఏ సత్రంల దిగిందట?" అని అడిగింది. చెప్పాను. "పర్ణశాల పోయిందా?" పోయిందన్నాను. "ఇల్లందు మీదికెళ్లొస్తే మన రోడ్డు మీదికెళ్లే గద పోవాలె. తెలిస్తె దిగి చాయ్ తాగిపోయేది, పిచ్చిది!" పేరు చెప్పలేని పిల్ల, కాగితం వైపు కూడా చూడకుండా సత్రం కిటికీలెన్నో సహా చెబుతోందని ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

నాలుగో వారం పక్క వీధి అంగన్‌వాడీ టీచరమ్మ పిల్లల పేర్లు రాసుకోవడానికి వచ్చి పందిట్లో కూర్చుంది. ఆమె కూడా అదే పత్రిక చదువుతుందని నాకు తెలియదు. మంచినీళ్లు తాగి చల్లగా అంది: "ఆ బంగ్లా ముసలామె పోయినకాడ సంది కత సప్పగైంది కదమ్మా."

"పోవుడేంది? నిన్ననే గోదాట్లె మునిగె!" అంది నాయనమ్మ.

"మునుగుడేందమ్మా! ఆమె పోయి పదిహేను రోజులాయె, దినాలు గూడ అయినయ్. ఇగో, ఫొటోకు దండ గూడ ఏసిన్రు." టీచరమ్మ పత్రిక తీసి బొమ్మ చూపించింది.

నాకు వడ్ల గుమ్మి చాలా దూరంగా కనిపించింది. ఆడవాళ్లంతా నాయనమ్మ వైపు చూశారు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి తీర్పు చెప్పింది: "దినాలు దాటినంక ఇన్న సావుకు కాళ్లు కడుక్కుంటె సాలు." అందరూ చెంబుల నీళ్లతో కాళ్లు కడుక్కున్నారు. కట్టలు ఆగలేదు. తరువాత నా వైపు తిరిగింది. "గోదావరి తానం అందుల లేదా?"

"లేదు నాయనమ్మా."

"సత్రం?"

"అదీ లేదు."

ఆమె మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది. రాత్రి అన్నానికి కూడా నన్ను పిలవలేదు. అమ్మ కొట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు. తెల్లారి నేను ఆకు తెంపడానికి పోయాను. ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా గీరుకుపోయింది. పందిట్లో నా పీట మీద టీచరమ్మ కూర్చుని చదువుతోంది.

కొత్త సంచికలో బంగ్లాలోని కుక్క చనిపోయింది. టీచరమ్మ ఉన్నది ఉన్నట్టు చదివేసింది. కుక్క చావుకు మైల పట్టింపు ఉంటుందా, ఉండదా అని పందిట్లో గంటసేపు వాదన. "సాదిన కుక్క గాదూ!" అని ఒకరు, "గట్లైతే కోడి సస్తె గూడ పోసుకోవాలె!" అని ఒకరు. ఆ గంటలో సగం ఆకు ఎండింది. మరునాడు పొద్దున నేను సంచి భుజాన వేసుకుంటుంటే నాయనమ్మ పిలిచింది. ఐదు రోజుల తరువాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. "ఆ టీచరమ్మ రాసింది రాసినట్టె సదువుతది. గట్లయితే మనిషెందుకు? నువ్వే కూసో." అమ్మ ఎండిన ఆకుల కుప్ప చూసి, నా భుజం మీది సంచి తీసి తను వేసుకుంది.

తరువాత డిగ్రీకి ఖమ్మం వచ్చాను. అక్కడి గ్రంథాలయంలో మొదటిరోజు తెలియకుండానే పైకి చదివేశాను. నలుగురు పెద్దమనుషులు పేపర్ల మీంచి చూశారు. ఆ చూపులకు నా చదువు గొంతులోంచి కళ్లలోకి పారిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ కొనుక్కుని చదువుతాను, మంచి వాక్యం కనబడితే పెన్సిలుతో గీత గీస్తాను, డైరీలో ఎక్కించుకుంటాను. చదువరిగా నేను బాగా ఎదిగాననే అనుకుంటాను. పుస్తకాల్లో ఎవరు పోయినా నిట్టూర్చి పేజీ తిప్పుతాను. రాసినవాళ్ల మాటకు అడ్డు చెప్పాలని తోచదు.

మొన్న ఊరికి పోతే నాయనమ్మ నా సంచిలో నవల చూసి చదవమంది. సిగ్గుపడుతూ, మెల్లగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రెండు పేజీలు చదివాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"మంచిగనే రాసిండు," అంది. తరువాత కొంచెం ముందుకు వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది: "గని బిడ్డా, నీకు ఇంకేం తోస్తలేదా?"

చదువుతున్న వాక్యం మీదే వేలు పెట్టుకుని, కాగితం మీద లేని మాట కోసం వెతుక్కున్నాను. ఆమె తొందరపెట్టలేదు.